అమ్మ లోపలే ఉంది

నాకు సాయం చేసేవాళ్ళంటే పడదు. ముందే చెప్పేస్తున్నాను, తరవాత ఎవరూ నన్ను మంచిదాన్ననుకోకుండా. జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో ఇరవై రెండేళ్ళుగా సోషల్ పాఠాలు చెబుతున్నాను. పిల్లలు నాకు వెనకాల పెట్టుకున్న పేరేమిటో నాకు తెలుసు, అది ఇక్కడ రాయను. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన పోయినప్పుడు ఆ వారంలోనే కోరుట్ల నుంచి అత్తగారి తరఫువాళ్ళు, సిరిసిల్ల నుంచి మా పుట్టింటివాళ్ళు, మా వీధివాళ్ళు, అందరూ సాయం చేస్తామనే వచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ సాయాలన్నీ ఒక్కొక్కటే తీసి దెప్పిపొడిచారు. అప్పటి నుంచి ఎవరైనా "నేనున్న గదా అక్కా" అంటే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది.

నాకు ఒక్కతే కూతురు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం తెచ్చుకుంది. కోరుట్ల అబ్బాయిని చేసుకుంటానంటే సరేనన్నాను. పెళ్ళయిన ఆర్నెల్లకు ఉద్యోగం మానేసి అతని వెంట దుబాయి పోతానంది. నిజంగా ఏ దేశమో చెప్పను. మా వైపు సముద్రం అవతలున్న ఆ దేశాలన్నిటికీ ఒకటే పేరు, దుబాయి. ఆ పేరు వింటేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మ్యాపు గోడకు తగిలించి గల్ఫ్ దేశాలు చూపించి నేను పాఠం చెప్పిన పిల్లల్లో సగం మంది మీసాలు రాగానే అక్కడికే పోయారు. ఎండలో ఇనుము మోయడానికి నా భూగోళం పాఠం ఏం పనికొచ్చిందో వాళ్ళకే తెలియాలి. ఇప్పుడు చదువుకున్న నా కూతురు ఉద్యోగం వదిలేసి మొగుడి వెంట వండిపెట్టడానికి పోతానంటే నోటికి ఎంతొస్తే అంత అనేశాను.

"పోతె పో. పోయినంక నాకు ఫోన్ జెయ్యకు" అన్నాను.

ఆమె నా కూతురే కదా, చెయ్యలేదు. పద్నాలుగు నెలలు.

ఒక ఆదివారం నేను బట్టలు ఉతుకుతుంటే ఫోన్ మోగింది. అటు నా కూతురు. "అమ్మా, నాకు ఎనిమిదో నెల పడ్డది" అంది. "బీపీ ఉన్నదట. విమానం ఎక్కద్దన్నరు. ఆయన డ్యూటీ ఎడారిల, నెలకోసారి ఇంటికస్తడు. నువ్వు అస్తవా?"

ఎనిమిదో నెల. ఏడు నెలలు నాకు మాట మాత్రం చెప్పకుండా మోసింది. తిట్టాలని నోరు తెరిచాను. "అస్త" అన్నాను. ఫోన్ పెట్టేసి, సబ్బు చేతులతోనే బావి గట్టు లాంటి మా నల్లా తిన్నె మీద కూర్చుని ఏడ్చాను. నేను ఎందుకు పోతున్నానో నాకు బాగా తెలుసు. నొప్పులొచ్చే వేళకు నేను ఆమె పక్కన ఉండాలి. తప్పయింది బిడ్డా అనడం నాకు ఈ జన్మలో చేతకాదు. పక్కన నిలబడటం చేతనవును. ఆ ఒక్క పని సరిగ్గా చేస్తే పద్నాలుగు నెలలూ కొట్టుకుపోతాయనుకున్నాను.

కాన్పయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు కాయం తినిపించాలి. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి, బెల్లం పాకంలో నెయ్యి పోసి ముద్ద చేసే మందు అది. సిరిసిల్లలో మా వదిన చేతి కాయానికి పేరుంది. రెండు రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. ముందు గదిలో మా అన్నవాళ్ళ సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఒకరి మాట ఒకరికి వినిపించనియ్యకుండా కొట్టుకుంటుంటే, వెనక గదిలో మేమిద్దరం కూర్చుని దంచాం. మా ఇంటి కాయంలో గసగసాలు ఎక్కువ పడతాయి. బాలింతకు కమ్మగా నిద్ర పడుతుందని, నడుం గట్టిపడుతుందని మా నాయనమ్మ నాటి నుంచీ వస్తున్న పద్ధతి. ఉసిరికాయంత ముద్దలు చేసి, జిడ్డు అంటకుండా వదిన ఒక్కోదాన్నీ వెండి రంగు కాగితంలో చుట్టింది. "అయిపోతె అక్కడ మళ్ళ చేద్దువు" అని పావుకిలో గసగసాల పొట్లం కూడా నా సంచిలో పెట్టింది.

జగిత్యాలకు తిరిగొచ్చేసరికి నేను పోతున్న సంగతి వీధంతా తెలిసిపోయింది. మా దగ్గర ఒకరు దుబాయి పోతున్నారంటే పది ఇళ్ళ నుంచి పది పొట్లాలు వస్తాయి. మామిడి తొక్కు, సకినాలు, మటన్ తొక్కు, పంటి నొప్పికి మాత్రలు, తమ్ముడికి తాయెత్తు. కాదంటే పెద్ద నేరం. ఆ పొట్లంలో ఏముందో తెలియక మోసుకెళ్ళి అక్కడి జైళ్ళలో పడ్డవాళ్ళ కథలు పేపర్లలో చదివాను. అందుకని గుమ్మంలోనే నిలబడి ఒక్కొక్కరినీ తిప్పి పంపాను. మెత్తగా కూడా కాదు. "మీ పొట్లాలు మోసి నేను జైలుకు పోవాల్నా" అన్నాను. మొహాలు మాడ్చుకుని వెళ్ళారు. నాకేం బాధనిపించలేదు. పైగా తృప్తిగా అనిపించింది.

ఆఖరున ఎదురింటావిడ వచ్చింది. ఆమె భర్త అక్కడే ఏడేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆమె సంచీ కూడా వద్దన్నాను. ఆమె వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది.

"టీచరమ్మా, మీ బ్యాగుల గసాలు గిట్ట ఉంటె తీసేయుండ్రి. అక్కడ పట్టుకుంటరట. మా ఆయన చెప్పిండు" అంది.

"నా బ్యాగు సంగతి నాకు తెల్సు. నువ్వు నీ సంచి పట్టుకొని పో" అన్నాను.

సంచి తీసుకోలేదన్న కడుపుమంటతో నన్ను బెదిరిస్తోందనుకున్నాను. కూరలో వేసుకునే గసగసాలు పట్టుకునేవాడెవడు? నాకు చెప్పొచ్చిందా అని తలుపు వేసుకున్నాను. ఎవరు మంచి చెప్పినా అందులో మెలిక వెతికే బుద్ధి నాది. ఆ రోజు ఆ బుద్ధే నా బ్యాగు జిప్పు వేసింది.

మొదటిసారి విమానం ఎక్కాను. బెల్టు పెట్టుకోవడం రాక తంటాలు పడుతుంటే పక్క సీటాయన చెయ్యి చాపాడు. ఆ చేతిని తోసేశాను. దిగేటప్పుడు పై అరలోంచి నా సంచీ తీసిచ్చినవాడికి ఒక్క మంచి మాట కూడా చెప్పలేదు. ఎవరి సాయం లేకుండా నా కూతురి దగ్గరికి నేను చేరుకోవాలి, అంతే. దిగగానే ఫోన్ ఆన్ చేశాను. సిగ్నల్ ఇంకా అందలేదు. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు దాటింది.

కస్టమ్స్ దగ్గర తెర మీద నా బ్యాగులో వాళ్ళకేం కనబడిందో గాని, పక్కకు రమ్మన్నారు. ఒక గది, ఒక పొడుగు బల్ల, ఇద్దరు ఆఫీసర్లు. ఒకడు కుర్రవాడు, ఇంకొకాయన ముసలాయన. బ్యాగు బోర్లించారు. గసగసాల పొట్లం పక్కన వెండి కాగితాల్లో చుట్టిన ముద్దలు వరసగా పెట్టారు. కుర్రవాడు ఒక ముద్ద విప్పి చూశాడు. నల్లగా, జిగటగా, ఘాటు వాసన. వాడి మొహం మారిపోయింది.

అప్పుడు నాకు వెలిగింది. ఇంగ్లండువాళ్ళు చైనాకు నల్లమందు అమ్మి యుద్ధాలు చేసిన పాఠం ఏటా నేనే చెబుతాను. నల్లమందు ఏ మొక్క నుంచి వస్తుందో బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. ఆ మొక్క గింజలు పావుకిలో, వాటి పక్కన నల్లటి జిగట ముద్దలు. పోలీసు ఉద్యోగం నాదై ఉంటే నేనూ నన్ను పట్టుకునేదాన్నే. "ఫుడ్, ఫుడ్" అన్నాను. "మెడిసిన్" అన్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు ముద్దలు సంచిలో వేసి పరీక్షకు పంపించారు. నా పాస్‌పోర్టూ ఫోనూ తీసుకుని, గాజు గోడ అవతల ఒక బల్ల మీద పెట్టారు. నన్ను ఇవతల కుర్చీలో కూర్చోబెట్టారు.

కాసేపటికి ఆ బల్ల మీద నా ఫోన్ వెలిగింది. సిగ్నల్ అందినట్టుంది. వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగింది. అంత దూరం నుంచి పేరు కనిపించదు గాని, నాకు అక్కడ ఫోన్ చేసేవాళ్ళెవరు? లేచి గాజును కొట్టాను. కూర్చోమని చేత్తో సైగ చేశారు. మళ్ళీ వెలిగింది. నెలలు నిండటానికి ఇంకా మూడు వారాలుందన్నారు డాక్టర్లు. అయినా ఆ ఫోన్ వెలుగుతున్న తీరు చూసి మళ్ళీ లేచాను. "నా బిడ్డ, డెలివరీ, డెలివరీ" అని అరిచాను. కుర్రవాడు వచ్చి ఏదో గట్టిగా అన్నాడు. అతనికి నేను మత్తుమందు తెచ్చి దొరికిపోయి నాటకాలాడుతున్న ఆడదాన్ని. నాకు అతను నా కూతురికీ నాకూ మధ్య నిలబడ్డ గోడ. తెలుగులో వాణ్ణీ వాడి వంశాన్నీ కడిగిపారేశాను.

"అమ్మా, తిట్టకుండ్రి. గా ముసలాయనకు మన తిట్లు కొన్ని తెలుస్తయ్."

తల తిప్పి చూశాను. ఆకుపచ్చ యూనిఫారం వేసుకున్న ఒక మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయేమో, నా వైపు చూడకుండా నేల తుడుస్తున్నాడు. పెదవులు కూడా కదలనట్టే మాట్లాడాడు. ప్రయాణికులతో మాట్లాడితే పనివాళ్ళ మీద చర్య ఉంటుందని తరవాత తెలిసింది.

"నీదే ఊరు?" అన్నాను.

"రుద్రంగి."

సిరిసిల్ల నుంచి కోరుట్ల వెళ్ళే దారిలోని ఊరు. రెండు వారాల కిందటే బస్సులో దాని మీదుగా వచ్చాను. ఇంకెవరైనా అయితే ఆ పేరు వినగానే అతని చేతులు పట్టుకునేవాళ్ళు. నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"నీకెంత గావాలె?" అన్నాను.

అతను తుడుస్తున్నవాడల్లా ఒక్క క్షణం ఆగాడు. "ఏమద్దమ్మా" అన్నాడు. "అవి కాయం ముద్దలేనా?"

"నీకెట్ల తెల్సు?"

"మా ఆడామెకు మా అత్త తినిపించింది. ఫోన్ల చూసిన." మళ్ళీ తుడవడం మొదలుపెట్టి, "చెప్పి చూస్త" అన్నాడు.

నేను వద్దనలేదు. అడగనూ లేదు. అతను కర్ర గోడకు ఆనించి, రెండు చేతులూ ముందు కట్టుకుని, తలొంచుకుని ముసలాయన దగ్గరికి వెళ్ళాడు. అరబ్బీలో ఏదో చెప్పాడు. పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించాడు, పసిపిల్లను ఊపుతున్నట్టు చేతులు ఊపాడు. ముసలాయన వింటున్నాడు. కుర్రవాడు మాత్రం నవ్వి, ఒక ముద్ద తీసి అతని ముందు పెట్టి ఏదో అన్నాడు. మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. తిండే అయితే తిను మరి, అన్నాడు.

అతను కాగితం విప్పి ముద్ద మొత్తం నోట్లో వేసుకున్నాడు.

కాయాన్ని ఎవరూ అలా తినరు. గోరంత గిల్లి, నేతిలో ముంచి, బాలింత చేత మింగిస్తారు. మా వదిన మిరియాలకు వెనకాడే మనిషి కాదు. అతని చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. అయినా నములుతూనే నిలబడ్డాడు. అప్పుడే ఆ తుడిచేవాళ్ళ సూపర్వైజరు తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. నేల తుడవాల్సిన మనిషి పట్టుబడ్డ సరుకు తింటూ కనబడితే ఇంకేముంది, కేకలు మొదలయ్యాయి. జేబులోంచి కాగితం తీసి పేరు రాసుకుని, భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. నన్ను దాటుతూ అతను ఆ ఘాటుతోనే, "జర కారమున్నది గని మంచిగ చేసిండ్రమ్మా" అన్నాడు.

"నిన్నెవడు తినుమన్నడు?" అన్నాను.

అదీ నేను అతనికిచ్చిన జవాబు. నా నోటికి అదే వచ్చింది. గంటకు పైగా గడిచాక పరీక్ష కాగితం వచ్చింది. ముద్దలూ పొట్లమూ మొత్తం ఉంచేసుకుని, ఎక్కడెక్కడో సంతకాలు పెట్టించుకుని, వెళ్ళమన్నారు. ఆ మనిషి తిన్నందుకు ముసలాయన మనసు మెత్తబడిందో, కాగితం వచ్చినందుకే వదిలారో నాకు ఇప్పటికీ తెలియదు. నెల తరవాత తిరిగొచ్చేటప్పుడు ఆకుపచ్చ యూనిఫారం కనబడ్డ ప్రతివాణ్ణీ అడిగాను. రుద్రంగి మనిషి ఎక్కడ అని. పేరు అడిగారు. నేను అతని పేరు కనుక్కోలేదు. కంపెనీ మనుషుల్ని మారుస్తూ ఉంటుందని ఒకడు చెప్పాడు. ఉద్యోగం పోయిందో, ఇంకో చోటికి పంపారో. మొన్న రుద్రంగి మీదుగా బస్సులో పోతూ దిగి అడుగుదామా అనుకున్నాను. ఎవరని అడగను? దిగలేదు.

ఫోన్ చేతికొచ్చేసరికి సాయంత్రం అయిదు. కూతురి నుంచి వరసబెట్టి కాల్స్. నేను చేస్తే ఎత్తలేదు. కింద తెలియని నంబరు నుంచి ఒక వాయిస్ మెసేజ్ ఉంది. ఉర్దూలో ఒక ఆడగొంతు. "బెహన్, మై నీచే వాలీ హూఁ. బచ్చీ కో అస్పతాల్ లే జా రహీ హూఁ. ఆప్ ఘబ్‌రానా నహీఁ." ఆ తరవాత ఆసుపత్రి పేరు, రెండుసార్లు.

జగిత్యాల మనిషికి ఉర్దూ అర్థం కాకపోవడం ఉండదు. కింది ఇంటామె ఎవరో కూడా నాకు తెలుసు. కూతురు ఫోన్‌లో చెప్పింది, పాకిస్తానావిడ, మనం పిన్ని అన్నట్టు ఖాలా అని పిలుస్తాను, మంచిది అని. "దొరికినోళ్ళనల్ల ఇంట్లకు రానియ్యకు" అని అప్పుడే కసిరాను. ఇప్పుడు ఆ గొంతు నన్ను గాబరా పడొద్దంటోంది. నా కూతుర్ని తీసుకుపోతూ నన్ను గాబరా పడొద్దనడానికి ఆమెవరు? టాక్సీలో ఆ మెసేజ్‌ను పదిసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ ఆమె మీద కోపం పెరిగింది. అల్లుడికి ఫోన్ చేస్తే కలవలేదు. అతను పంపిన మనిషి ఎయిర్‌పోర్టు బయట నాలుగు గంటలు ఎదురు చూసి వెళ్ళిపోయాడట.

పొద్దుగూకే వేళకు ఆసుపత్రి చేరాను. మూడో అంతస్తులో అద్దాల తలుపు, తలుపు ముందు బల్ల, బల్ల వెనక ఒక మలయాళీ నర్సు. కూతురి పేరు చెప్పాను. ఆమె రిజిస్టరు తిప్పి చూసి, "ఆప్ కౌన్?" అంది.

"మా హూఁ" అన్నాను. తల్లిని.

నర్సు నా మొహం, రిజిస్టరు మార్చి మార్చి చూసింది. "మా అందర్ హై" అంది. అమ్మ లోపలే ఉంది.

నాకు ముందు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఆమె రిజిస్టరు నా వైపు తిప్పింది. పేషంటు పేరు ఎదురుగా, వెంట ఉన్నవారు అన్న చోట, మదర్ అని ఇంగ్లీషులో రాసి ఉంది. పక్కన ఉర్దూలో సంతకం. ఒక పేషంటు వెంట ఒక్క మనిషికే అనుమతి, అదీ తల్లి గాని భర్త గాని. తల్లి ఉంది కాబట్టి నాకు లోపలికి దారి లేదు. "బేబీ హో గయా, లడ్కీ. చార్ బజే" అని, ఆడపిల్ల పుట్టిందని మాత్రం చెప్పింది, అక్కడికి అదొక దయలాగా.

నాలుగు గంటలకు. నాలుగు గంటలకు నేను కుర్చీలో కూర్చుని ఒక మనిషి కాయం ముద్ద నములుతుంటే చూస్తున్నాను. ఏ ఒక్క పని కోసం సముద్రం దాటి వచ్చానో ఆ పని అయిపోయింది. నేను లేకుండా అయిపోయింది. నా పేరు మీద ఇంకొకామె చేసేసింది. నా నోరు మాత్రం ఊరుకోలేదు. బల్ల మీద పాస్‌పోర్టు కొట్టి, నేను తల్లిని, అది దొంగది, దాన్ని బయటికి లాగండి అని తెలుగూ ఉర్దూ కలిపి కేకలు పెట్టాను. వరండాలో బెంచీల మీదున్న వాళ్ళంతా లేచారు. గార్డు వచ్చాడు.

అద్దాల తలుపు తెరుచుకుని ఆమె బయటికొచ్చింది. నా వయసే ఉంటుంది, నాకన్నా పొడుగు. దుపట్టా నడుముకు బిగించి కట్టుకుంది. జుట్టంతా రేగిపోయి ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. మొహంలో పోలిక ఉంటుందిగా. నేను చూసింది ఆమె మొహం కాదు, ముంజేతులు. రెండు చేతుల మీదా గోళ్ళు దిగిన గాట్లు, కొన్ని చోట్ల రక్తం ఎండిపోయి ఉంది. నా కూతురి గోళ్ళు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ చేతుల్ని పట్టుకుంది. ఆ గాట్లు నా చేతుల మీద ఉండాల్సినవి. ఇంత వయసొచ్చి, ఒక మనిషి గాయాలు చూసి నేను అసూయ పడ్డాను.

"నా పేరు మీద సంతకమెందుకు పెట్టావు?" అని ఉర్దూలో అడిగాను. ఎలా ఉంది నా కూతురు అని కాదు. అది అడిగాను.

ఆమెకు కోపం రాలేదు, అదే నన్ను ఇంకా మండించింది. తల్లినని చెప్పకపోతే లోపలికి రానివ్వం అన్నారు, అమ్మాయి ఒక్కతే ఉండిపోయేది, అంది. నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయట. నా విమానం పన్నెండుకు దిగుతుందని, అమ్మ వచ్చాకే ఆసుపత్రికి పోతానని మొండికేసి కూర్చుందట. ఒంటి గంట, రెండు. ఫోన్లు చేస్తూనే ఉందట. "జిద్ పే అడీ థీ," అంది ఆమె. "బస్ అమ్మ, అమ్మ." బీపీ పెరిగి కళ్ళు బైర్లు కమ్మాక, ఆమె తన భర్తను పిలిచి ఇద్దరూ మోసినట్టే మెట్లు దింపారట. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు తిట్టిందట. ఆమె ఇదంతా నన్ను ఎత్తిపొడవడానికి చెప్పలేదు. తల్లికి తెలియాలి కాబట్టి చెప్పింది. అలా అయినా ఎత్తిపొడిస్తే బాగుండు, తిరిగి ఒక మాట అనేదాన్ని.

నా కూతురు నా కోసం ఎదురు చూసింది. పద్నాలుగు నెలలు మాట్లాడని తల్లి కోసం, నొప్పులు ఓర్చుకుంటూ, ప్రాణం మీదికి తెచ్చుకుంటూ కూర్చుంది. నేనొక్క మాట విని ఒక పొట్లం తీసేసి ఉంటే ఒంటిగంటకు ఆ ఇంట్లో ఉండేదాన్ని.

ఆమె మెడలోంచి ఆసుపత్రి కార్డు తీసి నా చేతిలో పెట్టింది. "ఆప్ కీ అమానత్ హై, బెహన్. సంభాలియే" అంది. మీ సొత్తు, నా దగ్గర దాచి ఉంచాను, తీసుకోండి అన్నట్టు. నర్సుతో ఏదో చెప్పింది. నర్సు గొణుక్కుంటూ తలుపు తీసింది. నేను కార్డు తీసుకుని వెళ్ళిపోయాను. షుక్రియా అనలేదు. ఆ తరవాత నెల్లాళ్ళు ఆమె రోజూ పొద్దున పైకి వచ్చి పిల్లకు నూనె రాసి వెళ్ళేది. అప్పుడూ అనలేకపోయాను. రేపు అందాం అనుకుంటూనే విమానం ఎక్కాను.

లోపల గదిలో లైటు తగ్గించి ఉంది. మంచం పక్కన తొట్టెలో పిల్ల, గుడ్డలో చుట్టి, ఎర్రగా. దాని వైపు సరిగా చూడలేదు. నా కూతురు వెల్లకిలా పడుకుని ఉంది. పెదాలు పగిలిపోయి, మొహం ఉబ్బి, జుట్టు నుదుటికి అంటుకుపోయి. పద్నాలుగు నెలల్లో నేను దాని ఫోటో కూడా చూడలేదు. మత్తు ఇంజెక్షను ఇచ్చారు, కదిలించొద్దు, నిద్రపోకపోతే బీపీ మళ్ళీ పెరుగుతుంది అని తలుపు దగ్గరే నర్సు హెచ్చరించింది. కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. ఏమనాలో విమానంలో అంతసేపు తయారు చేసుకున్న మాటలు ఉన్నాయి. లేచాక చెబుదామనుకున్నాను.

కుర్చీ కిర్రుమన్న చప్పుడుకు దాని కనుబొమలు ముడిపడ్డాయి. కళ్ళు తెరవలేదు. చెయ్యి మాత్రం మంచం మీద తడుముకుంటూ వచ్చి నా వేళ్ళు దొరకబుచ్చుకుంది.

"ఖాలా," అంది. "జావ్ నక్కో."

వెళ్ళొద్దు అంటోంది. నన్ను కాదు. నేను అమ్మను బిడ్డా, వచ్చిన అని గొంతు దాకా వచ్చింది. అది వింటే కళ్ళు తెరుస్తుంది. లేస్తుంది, ఏడుస్తుంది, ఎందుకు రాలేదని అడుగుతుంది, అడగాలి కూడా. లేస్తే బీపీ మళ్ళీ పెరుగుతుంది. నా జీవితంలో నా మాట నేను మింగిన రోజు అంతకు ముందు లేదు.

"నై జాతుఁ బేటా," వెళ్ళనని అన్నాను, గొంతు తగ్గించి, ఆవిడలాగా. "సో జా."

అది నిద్రపోయింది.